గిలక చప్పుడు

“వదినా, నుయ్యి పూడ్చేస్తున్నాం. కడసారి చూసుకుంటావేమోనని చెబుతున్నాను” అని మా మామయ్య చిన్న కొడుకు ఫోను చేశాడు. మనిషి పోయే ముందు చెప్పే మాటను నూతికి వాడినందుకు అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఇంటి పంపకాల్లో ప్రహరీ గోడ సరిగ్గా నూతి మీదుగా వచ్చిందట. అన్నదమ్ములిద్దరి వాటాల్లోనూ కుళాయిలు ఉన్నాయి. నుయ్యి ఎవరికీ అక్కర్లేదు.

హైదరాబాదులో రాత్రి బస్సెక్కి తెల్లవారి అవనిగడ్డలో దిగాను. ఆటో దిగి, ఇంట్లోకి కూడా వెళ్ళకుండా పెరట్లోకి నడిచి, నూతి మీద కప్పిన రేకును పక్కకు జరిపాను. గుప్పున వాసన వచ్చింది. నాచు, తడి ఇటుక, తుప్పు, అడుగున ఎన్నేళ్ళ నుంచో నానుతున్న కొబ్బరి మట్ట, అన్నీ కలిసిన వాసన. దానికి పేరు లేదు. అది తగలగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట “తాబేలు ఉందా?”

“ఏమో వదినా. ఎవరూ తొంగిచూసి చాలా కాలమైంది” అన్నాడు మరిది, కాఫీ గ్లాసు అందిస్తూ.

*

మా అమ్మమ్మ ఊరు దివిసీమలో ఒక పల్లె. కృష్ణ సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా చీలి, మధ్యలో వదిలిపెట్టిన నేల అది. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే మమ్మల్ని అక్కడ దింపేసేవారు. కాలువలకు నీళ్ళు ఆపేసిన రోజులు. తాగడానికి చెరువు నీళ్ళు, మిగిలిన పనులన్నిటికీ నూతి నీళ్ళు. నూతి నీళ్ళు కాస్త ఉప్పన. ఆ నీళ్ళతో పప్పు ఉడకదని అమ్మమ్మ, సబ్బు నురగ రాదని మామయ్య రోజూ దానిని తిట్టేవారు, రోజూ దానిలోనే తోడేవారు.

ఆ నూతిలో ఒక తాబేలు ఉండేది. పురుగూ పుట్రా తిని నీళ్ళను శుభ్రంగా ఉంచుతుందని ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో నూతిలో తాబేలును వేసేవారు. మా నూతిలో ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. తన పెళ్ళి నాటికే అది ఉందని తాతయ్య అనేవాడు. “ఆయన మాటలకేమి, పెళ్ళిలో మనతో కలిసి బంతిలో కూర్చుందని కూడా అంటారు” అని అమ్మమ్మ కొట్టిపారేసేది. భోజనం పళ్ళెమంత వెడల్పు, తోలు కప్పినట్టుండే మెత్తటి చిప్ప, పొడుగాటి మెడ, చివర పంది ముట్టెలాంటి ముక్కు. మామయ్య ఒకసారి బొక్కెనతో పాటు పొరపాటున దాన్ని పైకి తోడాడు. అప్పుడు పొట్టవైపు చూశాం. వెనక కాళ్ళు లోపలికి లాక్కోగానే, వాటిని మూసేసే రెండు తోలు రెక్కలు ఉన్నాయి దానికి. తలుపులు వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, అంట్ల కోసం అమ్మమ్మ నీళ్ళు తోడేది. ఆ గిలకకు ఒక చప్పుడు ఉండేది. అమ్మమ్మ నెమ్మదిగా చేంతాడు వదులుతుంటే కిర్రు... కిర్రు... కిర్రు... మూడో కిర్రుకో నాలుగో కిర్రుకో నల్లటి నీళ్ళ మీద ముట్టె తేలేది. అమ్మమ్మ గుప్పెడు అన్నం వదిలేది. ఆదివారాల్లో చేప తల. కూర్మావతారమని దండం పెట్టి మరీ చేప తల వేసేది. “స్వామివారికి నీచు పెడుతున్నావా?” అని తాతయ్య వేళాకోళం చేస్తే, “ఆయన అవతారం ఎత్తినప్పుడు ఏమి తిన్నాడో మీకు తెలుసా?” అని అడిగేది. తాతయ్య దగ్గర దానికి జవాబు లేదు.

మేము ఊరుకుంటామా? మేమూ గిలక తిప్పాం. మొదటి రెండు రోజులు ముట్టె పైకి వచ్చింది. మా చేతుల్లో అన్నం లేదు, నవ్వులే ఉన్నాయి. మూడో రోజు నుంచి మేము తిప్పితే రాలేదు. అమ్మమ్మలాగే నెమ్మదిగా వదిలి చూశాం, మధ్యలో ఆగి చూశాం. రాలేదు. పొద్దున్నే మామయ్య స్నానానికి దబదబా పది బొక్కెనలు తోడినా వచ్చేది కాదు. అమ్మమ్మ వచ్చి తాడు పట్టుకుంటే నాలుగో కిర్రుకు హాజరు. చేయి తేడా దానికి తెలుసు. లేకపోతే వేళ తెలుసు. ఏది తెలుసో ఇప్పటికీ నేను తేల్చుకోలేకపోయాను.

అసలు కథ గ్రీజుతో మొదలైంది. మామయ్య పనిచేసే రైసు మిల్లు నుంచి ఒకరోజు చిన్న డబ్బాలో గ్రీజు తెచ్చి, చెవులు హోరెత్తిపోతున్నాయంటూ గిలకకు దట్టించాడు. చప్పుడు మాయమైంది. ఆ మధ్యాహ్నం అమ్మమ్మ తాడు వదిలింది, అన్నం వేసింది, నిలబడింది. ముట్టె లేదు. మర్నాడూ లేదు. అన్నం మెతుకులు ఉబ్బి నీళ్ళ మీద తేలుతూ ఉన్నాయి. “నీ గ్రీజు తుడిచెయ్యి, దాని నోటి దగ్గరి కూడు తీశావు” అని అమ్మమ్మ గొడవ. మామయ్య నవ్వి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మూడో రోజు అమ్మమ్మ ఇత్తడి బొక్కెనను నూతి గట్టుకు కొట్టింది. ఠంగు, ఠంగు, ఠంగు. కొట్టి అన్నం వేసింది. రాలేదు. అయినా రోజూ అదే వేళకు అలాగే కొట్టి, అలాగే వేసింది. వారం తిరగలేదు, ఠంగు అనగానే ముట్టె తేలింది. అమ్మమ్మ మమ్మల్ని పిలిచిన కేకకు పక్కింటివాళ్ళు ఎవరో నూతిలో పడ్డారనుకుని పరుగెత్తుకొచ్చారు.

మరుసటి వేసవికి గ్రీజు ఎండిపోయి, గిలక మళ్ళీ కిర్రుమంది. తాబేలు కిర్రుకూ వచ్చింది, ఠంగుకూ వచ్చింది. పాత పాఠం మరిచిపోలేదన్నమాట.

*

ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో సరీసృపాల పాఠం వచ్చింది. శీతల రక్త జంతువులు, పొలుసులు, గుడ్లు. వీటికి ఆలోచన ఉండదు, ఉన్నదంతా సహజాతమే అన్నారు మాస్టారు. నేను చేయి ఎత్తి నూతి తాబేలు సంగతి చెప్పాను. క్లాసంతా నవ్వింది. “అది అలవాటమ్మా, తెలివి కాదు” అన్నారాయన, కోప్పడకుండానే. ఎక్కాలు మేము అలవాటుతో అప్పజెబితే మాత్రం తెలివైన పిల్లలని ఎందుకు మెచ్చుకునేవారో ఆయనను అడగాలని నాకు అప్పుడు తోచలేదు. ఇలాంటివి నాకు ముప్పై ఏళ్ళు ఆలస్యంగా తోస్తాయి.

ఆయన తప్పు కూడా కాదు. అప్పట్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలూ అదే అనేవారు. ఎలుకకు పెట్టిన పరీక్షనే బల్లికీ పాముకూ పెట్టి, అవి కదలకపోతే మొద్దులని రాసుకునేవారు. ఆ జీవులు ఒంటికి వేడిని బయటి నుంచే తెచ్చుకోవాలి. మనుషులకు హాయిగా ఉండే చల్లటి గదిలో పెడితే వాటికి కాలూ చేయీ ఆడదు. చన్నీళ్ళలో ముంచి లేపి పదమూడో ఎక్కం చెప్పమంటే మనమెంత చెబుతాం? గది వేడిచేసి, వాటికి పనికొచ్చే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాకే జవాబులు రావడం మొదలైంది.

2007లోనూ 2009లోనూ అన్నా విల్కిన్సన్ అనే శాస్త్రవేత్తా ఆమె సహచరులూ రాసినవి, నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో చదివాను. దక్షిణ అమెరికాకు చెందిన ఎర్రకాళ్ళ తాబేలు ఒకటి, పేరు మోజెస్. ఎనిమిది దారులు చక్రపు ఆకుల్లా చీలిన చట్రంలో దానిని వదిలి, ప్రతి దారి చివరా తిండి పెట్టారు. ఒకసారి వెళ్ళి తినివచ్చిన దారిలోకి మళ్ళీ పోకుండా గుర్తుపెట్టుకోవాలి. గదిలోని వస్తువులను ఆనవాలు పట్టుకుని అది గుర్తుపెట్టుకుంది. చుట్టూ తెర కట్టి ఆనవాళ్ళు కనబడకుండా చేస్తే పద్ధతి మార్చింది. ఇప్పుడు బయటికి వచ్చిన దారికి పక్కదానిలోకి వెళ్ళడం, అలా వరసగా చుట్టి రావడం. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి. ఆ తెర సంగతి చదువుతుంటే నాకు మామయ్య గ్రీజు డబ్బా గుర్తొచ్చింది.

*

తాతయ్య పడక గదిలో ట్యూబులైటు ఉండేది. దాని వెనక ఒక బల్లి కాపురం. తెగి మళ్ళీ మొలిచిన మొండి తోక కాబట్టి అది మా బల్లేనని గుర్తు. సాయంత్రం ఆరున్నరకు తాతయ్య లైటు వేసేవాడు. బల్లి అంతకు ముందే, గది ఇంకా చీకటిగా ఉండగానే, వచ్చి ట్యూబులైటు పట్టె అంచున కూర్చునేది. పురుగులు లైటుకు వస్తాయి, లైటు తాతయ్యతో వస్తుంది, తాతయ్య రేడియోలో వార్తలకు ముందు వస్తాడు. ఇందులో ఎంతవరకు దానికి తెలుసో చెప్పలేను గాని, లైటు వేశాక పరుగెత్తుకు రావడం మాత్రం నేను ఎన్నడూ చూడలేదు.

కరెంటు పోతే వసారాలో లాంతరు పెట్టేవారు. పది నిమిషాలు గడిచేవి. తలుపు పైకమ్మీ మీదుగా మొండి తోక బల్లి వసారాలోకి దిగేది, లాంతరు గోడ మీద వేసిన వెలుగు వలయం అంచున ఆగేది. మధ్యలోకి వెళ్ళేది కాదు. వెలుగులో ఉంటే పురుగుకు కనబడుతుంది కదా. అది కిచకిచమన్నప్పుడు అమ్మమ్మ చేస్తున్న పని ఆపి “సత్యం” అని నేల మీద మూడుసార్లు వేలితో తట్టేది. బల్లి మీద పడితే ఏమవుతుందో పంచాంగం చూసి చెప్పే ఇంట్లో, బల్లి ఏమి చూసి తన పనులు పెట్టుకుంటోందో గమనించినది నేనూ తాతయ్యా మాత్రమే.

*

ఇంటి వెనక గడ్డివామిలో ఉడుము ఉండేది. దాని గురించి చెప్పాలంటే పెద్దయ్య గురించి చెప్పాలి. పొలం పనులూ గొడ్ల పనులూ చూసే ముసలాయన. మేమందరం పెద్దయ్యా అనేవాళ్ళం. అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియకపోవడం ఈ మధ్య సిగ్గుగా అనిపిస్తోంది.

“ఉడుముకు శనివారం తెలుసు పాపా” అనేవాడు పెద్దయ్య. శనివారం సంత. ఇంట్లో పెద్దవాళ్ళందరూ వెళ్ళిపోయేవారు. ఆ రోజే కోళ్ళ గూటిలో గుడ్లు పోయేవి. ఒక శనివారం ఆయన సంతకు వెళ్ళకుండా అరుగు మీద కాపలా కూర్చున్నాడు. ఉడుము రాలేదు. మరో శనివారం అందరితో పాటు కండువా దులుపుకుని బయలుదేరి, చెరువు గట్టు చుట్టి, పక్కింటి గోడ వెనక నుంచి చూశాడు. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. గడ్డివామి అడుగు నుంచి తల బయటికొచ్చింది. చీలిన నాలుక అదే పనిగా ఆడుతోంది. ఎంతసేపని! నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. పాముకూ ఉడుముకూ ఆ నాలుక ముక్కు చేసే పని చేస్తుంది. రెండు కొసలూ గాలిలోని వాసనను వేరువేరుగా పట్టి, అది ఏ వైపు నుంచి వస్తోందో చెబుతాయి. అప్పుడు నాకు ఇదంతా తెలియదు, మమ్మల్ని వెక్కిరిస్తోందనే అనుకున్నాను. చివరకు బయటికొచ్చి, గూటి తలుపు వైపు కూడా చూడకుండా తిన్నగా వెనక్కి వెళ్ళింది. అక్కడ ఒక చెక్క వదులుగా ఉంది. ఆ సంగతి మాకు తెలియదు, దానికి తెలుసు.

పెద్దయ్య ఆ చెక్కకు మేకులు కొట్టాడు. తర్వాతి వారం గూటి పైకప్పు తాటాకుల్లో కన్నం కనబడింది. “దొంగే, కానీ పనిమంతుడైన దొంగ” అని, ఆ గుడ్లను మామూలు ఖర్చు కింద రాసుకోమని అమ్మమ్మకు చెప్పాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు గాని ఉడుము జోలికి ఎవరినీ పోనివ్వలేదు. శనివారం దానికి నిజంగా తెలుసని నేననను. ఇంట్లో చప్పుళ్ళూ వాసనలూ తగ్గడమే దానికి శనివారం. 2008లో ఆఫ్రికా ఉడుము పిల్లలకు పరీక్ష పెట్టినవారు, పారదర్శకమైన గొట్టంలో ఎలుకలను పెట్టి, గొట్టానికి మడతబందు తలుపులు బిగించి ఇచ్చారు. ఎనిమిదింటికి ఎనిమిదీ పది నిమిషాల లోపే తెరిచాయి. రెండోసారి ఇంకా త్వరగా తెరిచాయి. పెద్దయ్య గూటికి మేకులు కొట్టడానికి పట్టిన సమయం అంతకంటే ఎక్కువే.

*

తొండల గురించి రాయడం నాకు ఇష్టం లేదు. కానీ రాయకపోతే అబద్ధమవుతుంది. ఊళ్ళో పిల్లలకు తొండను కొట్టడం ఒక ఆట. అది తల ఊపితే మమ్మల్ని తిడుతోందని నమ్మకం. మునగ చెట్టు చుట్టూ మేము తిరుగుతుంటే అది కూడా అదే వేగంతో మానుకు అవతలి వైపుకు తిరిగేది, ఎప్పుడూ మాకూ దానికీ మధ్య మాను ఉండేలా. అంచు నుంచి ఒక్క కన్ను మాత్రం మమ్మల్ని చూస్తుండేది. ఇద్దరం చెరో వైపు నుంచి వెళితే చుట్టూ తిరగడం మాని నిట్టనిలువుగా పైకి పాకేది. అంత లెక్క కట్టిన జీవిని ఒకరోజు నా రాయి తగిలి కింద పడేసింది. గురి చూసిందీ నేనే, ఏడ్చిందీ నేనే. అమ్మమ్మ కొట్టలేదు, ఒక్క మాటా అనలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పాముల సంగతి వేరు. దివిసీమలో వానాకాలం వస్తే పాము అన్న మాట లేకుండా పొద్దు గడవదు. చీకటి పడ్డాక అమ్మమ్మ కర్రతో నేల తట్టుకుంటూ నడిచేది, మమ్మల్నీ అలాగే నడవమనేది. పాము గాలిలో వచ్చే మాట కంటే నేల అదురునే బాగా కనిపెడుతుంది కాబట్టి అది మంచి పద్ధతే. నాగుల చవితికి మాత్రం పుట్టలో పాలు పోసి చిమ్మిలి పెట్టేది. పాము పాలు తాగదని మామయ్య అంటే, “తాగకపోతే పోయె, మనం పెట్టామని దానికి తెలుస్తుంది” అనేది. గాదె కింద ఒక జెర్రిపోతు తిరిగేది. ధాన్యం ఉన్నన్నాళ్ళూ రోజూ ఒకే సందులో వచ్చి, ఒకే సందులో పోయేది. ఒకసారి ఎవరో ఆ సందులో ఇటుకలు పేర్చేస్తే రెండు రోజులు కనబడలేదు, మూడో రోజు దూలం మీదుగా దిగింది. పాము పగబట్టి వెతుక్కుంటూ వస్తుందని ఊరంతా చెప్పుకునేవారు. నాకు తెలిసినంతలో అది తిరిగివచ్చేది ఎలుకల కోసం. దారి గుర్తుపెట్టుకోవడానికి పగ అక్కర్లేదు, ఆకలి చాలు.

*

ఉద్యోగం నన్ను మద్రాసుకు తీసుకెళ్ళింది. పెళ్ళి కాని రోజులు. ఒక ఆఫీసులో లెక్కలు రాసే పని. ఒకసారి మామయ్యా అత్తయ్యా చూడటానికి వచ్చారు. మహాబలిపురం తీసుకెళ్ళాను. దారిలో, ఊరికి దక్షిణంగా నలభై కిలోమీటర్ల దూరంలో, సముద్రం పక్కనే మొసళ్ళ బ్యాంకు ఉంది. బ్యాంకు అన్న మాట విని అత్తయ్య బస్సులోనే నవ్వు మొదలుపెట్టింది. తోళ్ళ కోసం వేటాడి వేటాడి మన నదుల్లో మొసళ్ళు అంతరించే దశకు వస్తే, వాటిని పెంచి కాపాడటానికి రాములస్ విటేకర్, జై విటేకర్, మరికొందరు 1976లో దాన్ని మొదలుపెట్టారు.

మగ్గర్ మొసళ్ళ కొలను దగ్గర ఆగాం. గట్టంతా దుంగలు పడేసినట్టు మొసళ్ళు. కదలిక లేదు, రెప్ప వేయడం లేదు. కొన్ని నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. కొలను మీదికి వంగిన చెట్ల నిండా తెల్ల కొంగలు. గూళ్ళు కట్టే కాలం. పుల్ల కోసం పుల్ల కొట్లాట. ఒక కొంగ తెచ్చిన పుల్లను ఇంకోటి లాక్కుపోవడం, అది జారి నీళ్ళలో పడటం, రెండూ అరవడం. మనుషులు మొసళ్ళను చూస్తుంటే నేను కొంగలను చూస్తున్నాను.

“అయ్యో, ముక్కు మీద చెత్త పడినా తెలియడం లేదు పాపం, ఎంత మొద్దు జంతువు” అంది అత్తయ్య.

చెట్ల కింద నీళ్ళలో ఒక మొసలి కళ్ళూ ముక్కూ మాత్రం పైకి పెట్టి తేలుతోంది. ముట్టె మీద అడ్డంగా రెండు మూడు పుల్లలు. మామయ్య ఏమీ మాట్లాడలేదు. ఆయన కాలువ గట్టున పుట్టి పెరిగినవాడు. వెదురు గెడ, గాలం, నెమలి ఈక బెండు, కొబ్బరి చిప్పలో వానపాములు, వీటితో ఆదివారాలన్నీ గడిపినవాడు. గట్టున ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఎలాంటి పనో తెలిసినవాడు. కంచె పట్టుకుని చాలాసేపు చూసి, మెల్లగా అన్నాడు: “అది మొద్దు కాదు. ఎర వేసి కూర్చుంది.”

మేమిద్దరం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. “కొంగకు ఇప్పుడు చేప కంటే పుల్ల ముద్దు. దానికి ఆ సంగతి తెలుసు” అన్నాడు. ఇంకాసేపు ఉందామన్నాడు. బస్సు వేళ అవుతోందని మేము లాక్కొచ్చేశాం. మహాబలిపురంలో రథాలు చూస్తున్నంతసేపూ ఆయన మొహం ముడుచుకునే ఉంది. సగంలో సినిమా హాలు నుంచి లేపుకొచ్చినట్టు.

చాలా ఏళ్ళ తర్వాత, 2013లో, వ్లదీమిర్ దీనెట్స్ అనే జంతు శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి రాసిన పరిశోధన గురించి పేపర్లో చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 2007లో అదే మొసళ్ళ బ్యాంకులో, ముట్టె మీద పుల్లలు పెట్టుకుని కొంగల గూళ్ళ కింద తేలుతున్న మగ్గర్ మొసలిని ఆయన చూశాడు. పుల్ల కోసం దగ్గరికొచ్చిన కొంగ మీదికి అది ఎగబడటమూ చూశాడు. తర్వాత అమెరికాలోని లూసియానాలో అక్కడి మొసళ్ళను నెలల తరబడి గమనిస్తే, కొంగలు గూళ్ళు కట్టే కాలంలో, గూళ్ళున్న చోటనే, ఈ పుల్లల వేషం ఎక్కువగా కనబడిందట. వేటకు ఒక వస్తువును వాడటమే కాదు, ఏ కాలంలో అది పనికొస్తుందో తెలిసి వాడటం!

వెంటనే మామయ్యకు ఫోను చేశాను. అప్పటికి ఆయనకు చెవులు సరిగ్గా వినబడటం లేదు. గట్టిగా అరిచి చదివి వినిపించాను. అంతా విని, “నేను చెప్పి ఎన్నేళ్ళయింది? వాళ్ళకు ఇప్పుడు తెలిసిందా?” అన్నాడు. తర్వాత ఒక వారం పాటు ఊళ్ళో కనబడిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పాడని అత్తయ్య విసుక్కుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ తర్వాత ఫ్లోరిడాలో మొసళ్ళున్న కొలనులలో పుల్లలు వేసి పరీక్షించినవారికి, కొంగల గూళ్ళున్న చోటికీ లేని చోటికీ ఆ లెక్క అలా తేలలేదు. ఎర కావచ్చు, కాకపోవచ్చు. ఈ సంగతి వినడానికి మామయ్య లేడు. ఉన్నా ఒప్పుకునేవాడు కాదు.

ఆ రోజు మొసళ్ళ బ్యాంకులో నాకు గుర్తుండిపోయినది మరొకటుంది. గుడ్డులో ఉండగానే మొసలి పిల్లలు అరుస్తాయని, ఆ అరుపు విని తల్లి గూడు తవ్వుతుందని, పిల్లలను నోట పట్టుకుని నీళ్ళకు చేరుస్తుందని అక్కడి మనిషి చెప్పాడు. ఎముకలు పిండిచేసే అవే దవడలతో. అత్తయ్య నవ్వు ఆపేసి మళ్ళీ ఆ కొలను వైపు తిరిగి చూసింది. గజేంద్రుడి కథలో మొసలి గురించి తాను ఎప్పుడూ ఆలోచించలేదంది.

*

మధ్యాహ్నం మోటారు పెట్టి నూతి నీళ్ళు తోడేశారు. అడుగున బురద, మూడు ప్లాస్టిక్ బిందెలు, ఒక క్రికెట్ బంతి, ఎప్పుడో తాతయ్య పాతాళగరిగెతో వెతికి వెతికి వదిలేసిన చెంబు. పనివాళ్ళలో ఒకడు దిగి, “తాబేలు ఉందండీ!” అని కేక వేశాడు.

తట్టలో పెట్టి పైకి లాగారు. భోజనం పళ్ళెమంత. వెనక రెక్కలు మూసేసుకుంది. ఇది అదేనా? చెప్పలేను. నా చిన్నప్పటిదే కావచ్చు, మధ్యలో ఎవరో వేసిన ఇంకోటి కావచ్చు. నేను మరిదిని అడిగి అటక మీది నుంచి అమ్మమ్మ ఇత్తడి బొక్కెన దింపించాను. అడుగు చిల్లు పడింది. పనివాళ్ళు నవ్వుకుంటారని తెలిసి కూడా దాన్ని గట్టుకు మూడుసార్లు కొట్టాను. ఠంగు, ఠంగు, ఠంగు.

వియన్నా జంతుప్రదర్శనశాలలో పెద్ద తాబేళ్ళకు రంగు బంతిని కొరికితే తిండి దొరుకుతుందని నేర్పారు. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ బంతి చూపిస్తే, ఆ పని వాటికి గుర్తే ఉంది. 2019లో అచ్చయిన ఆ పరిశోధన నా తలలో ఉండబట్టే కాబోలు, తట్ట పక్కన అంతసేపు గొంతుకు కూర్చున్నాను. తొమ్మిదేళ్ళకూ మా లెక్కకూ పోలికే లేదు. అమ్మమ్మ పోయిన నాటి నుంచి ఆ నూతిలో అన్నం వేసినవాళ్ళు లేరు.

ముట్టె బయటికి రాలేదు. అందరూ టీ తాగడానికి వెళ్ళి, మోటారు ఆగి, పెరడు సద్దుమణిగాక ఒక అంగుళం వచ్చింది. ఏ తాబేలైనా అలాగే చేస్తుంది. నేను అంతకంటే పెద్ద కథ చెప్పుకోదలచుకోలేదు.

ఈ జాతిని ఇంట్లో ఉంచుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అమ్మమ్మకు ఆ చట్టం ఉందని కూడా తెలియదు. అటవీ శాఖలో తెలిసిన ఒకాయనకు ఫోను చేసి అడిగితే ఊరి చెరువులో వదిలేయమన్నాడు. సాయంత్రం నేనూ మరిదీ తట్ట మోసుకుంటూ వెళ్ళాం. గట్టున పెట్టగానే కాసేపు ఆగి, మెడ చాచి, నీళ్ళలోకి జారింది. వెనుదిరిగి చూడలేదు. నేను మాత్రం టిఫిను డబ్బాలో తెచ్చిన అన్నం ముద్ద అక్కడే వేశాను. చేపలు వచ్చి తినేశాయి.

బస్సు ఎక్కేముందు మరిది ఒక సంచీ ఇచ్చాడు. లోపల గిలక. ఇప్పుడు అది మా అపార్ట్‌మెంటు బాల్కనీలో మనీ ప్లాంటు కుండీ పక్కన వేలాడుతోంది. తిప్పి చూశాను. తుప్పు పట్టకుండా ఉంటుందని పాపం నిండా గ్రీజు రాసి ఇచ్చాడు.